మా అబ్బాయికి నా కంటిపొర ఇవ్వొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో రేచీకటి గురించి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలూ, వాట్సాప్ మెసేజీలూ చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి. కంట్లో చచ్చిపోయిన కణాల చోట కొత్తవి పెట్టగలరా అని. నేను కంటి డాక్టర్ని కాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ల్యాబ్‌లో రెటీనాని, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే చూపు పొరని విడదీసి, అందులో వెలుతురుని పట్టే కణాలని ప్రాణంతో బయటికి తీసే పని చేశాను. అందుకని ఈ నెల పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

* * *

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చీకటి పడితే గోడలు తడుముకునేవాడు. ఇప్పుడు పగలు కూడా పక్కన నిలబడ్డవాళ్లు కనపడటం లేదంటున్నాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, మందు లేదన్నారు. మాది మేనరికం. నా కళ్లు బాగానే ఉన్నాయి. నా ఒక కంట్లోంచి ఆ పొర తీసి వాడికి పెట్టడం కుదురుతుందా? కిడ్నీ ఇస్తున్నారు కదా. నాకు ఒక కన్ను చాలు.
(ఒక తల్లి, నరసరావుపేట దగ్గర పల్లె)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నాన్చకుండా చెబుతాను. అది కుదరదు. బతికున్న మనిషి కంట్లోంచి చూసే భాగాన్ని తీయడానికి ఏ మంచి డాక్టరూ ఒప్పుకోడు. ఒకవేళ తీసినా మీకు ఒక కన్ను పోతుందే తప్ప మీ అబ్బాయికి చూపు రాదు.

ఎందుకు రాదంటారా? కిడ్నీ పెట్టేటప్పుడు రక్తనాళాలూ మూత్రనాళమూ కలిపితే అది పని మొదలుపెడుతుంది. కంటి ముందుండే కార్నియా కిటికీ అద్దం లాంటిది. మసకబారితే తీసేసి ఇంకొకరిది కుట్టొచ్చు, 1905 నుంచీ కుడుతున్నారు. రెటీనా సంగతి వేరు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు మెదడులోంచే ముందుకి పెరిగిన ముక్క అది. మందం పావు మిల్లీమీటరు. దాంట్లోంచి పది లక్షల నరాల పోగులు ఒక కట్టగా మెదడుకి వెళ్తాయి. తెగిన ఆ పోగులని మళ్లీ మెదడు దాకా కలపడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. 2023లో న్యూయార్క్‌లో ఒకాయనకి దాత కన్ను మొత్తంగా అమర్చారు. కంట్లో రక్తం పారింది, కన్ను నిలిచింది, చూపు మాత్రం రాలేదు.

అయితే మీ అబ్బాయి కంట్లో పోయింది మొత్తం పొర కాదు, అందులో ఒక్క వరస. రెటీనాలో అన్నిటికంటే వెనక, కంటి గోడకి ఆనుకుని వెలుతురుని పట్టే కణాలుంటాయి. చీకట్లో చూపునిచ్చేవి దండ కణాలు, మేము రాడ్లు అంటాం. రంగులూ సన్న అక్షరాలూ చూపించేవి శంకు కణాలు, అవే కోన్లు. ఈ జబ్బులో ముందు రాడ్లు పోతాయి, అందుకే మొదట రేచీకటి. తర్వాత చూపు అంచుల నుంచి మూసుకొస్తుంది. ఆ పైన కోన్లూ దెబ్బతింటాయి. కానీ రాడ్ల దగ్గర కబురు అందుకునే తర్వాతి వరస కణాలు చాలా ఏళ్లు బతికే ఉంటాయి. మీ ఊళ్లో శ్రీరామనవమికి మైక్‌సెట్టు పెడతారు కదా. మైకు పాడైంది, వైర్లూ ఆంప్లిఫయరూ స్పీకర్లూ బాగానే ఉన్నాయి. అలాంటప్పుడు సెట్టంతా మార్చక్కర్లేదు, మైకు మారిస్తే చాలు. మా రంగంలో అందరి ఆశా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆ ప్రయత్నం మన హైదరాబాద్‌లోనే జరిగిందని చాలామందికి తెలీదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ తారాప్రసాద్ దాస్ గారి బృందం, అమెరికా శాస్త్రవేత్త మాన్యుయెల్ డెల్ సెర్రోతో కలిసి, ఈ జబ్బు బాగా ముదిరిన 14 మందికి పిండం రెటీనా కణాలు పెట్టింది. 14 నుంచి 18 వారాల పిండాల నుంచి తీసిన కణాలవి. తల్లులకీ పేషంట్లకీ ముందే అంటువ్యాధుల పరీక్షలు చేశారు. రెటీనా వెనక సన్న గొట్టంతో వదిలిన ద్రవం 150 మైక్రోలీటర్లకి మించలేదు. అంటే మూడు నాలుగు చుక్కలు. మైక్రోలీటరుకి సుమారు 4,000 కణాల లెక్కన ఆ చుక్కల్లో ఉన్నవి 6 లక్షలు. ఏడాది నుంచి 40 నెలల దాకా వాళ్లని గమనించి 1999లో ఫలితాలు ప్రచురించారు. ఒకరికి రెటీనా ఊడింది. మిగతావాళ్ల కంటికి హాని జరగలేదు, పెట్టిన కణాలని ఒళ్లు తిప్పికొట్టిన గుర్తులూ కనపడలేదు. పెడితే ప్రమాదమా కాదా అని తేల్చడానికి చేసిన పరీక్ష అది. చూపు తెప్పిస్తామని చేసింది కాదు. అమెరికాలో 1997లో ఇద్దరికి చనిపోయినవాళ్ల కళ్ల నుంచి తీసిన కణాల పొర పెట్టారు. అక్కడా హాని జరగలేదు, చూపు మెరుగవలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. అబ్బాయికి జన్యు పరీక్ష చేయించండి. ఈ జబ్బు 80కి పైగా జన్యువుల్లో ఏది చెడినా రావచ్చు. వాటిలో ఆర్‌పీఈ65 అనే ఒక్కదానికి 2017 నుంచి అమెరికాలో ఆమోదం పొందిన జన్యు చికిత్స ఉంది. ఖరీదు మనం అందుకోలేనిది. అయినా ఏ జన్యువో కాగితం మీద ఉంటే, రేపు ఏదైనా పరీక్షకి పేర్లు తీసుకున్నప్పుడు మీ వాడి పేరు ముందుంటుంది. పెద్ద కంటి ఆసుపత్రుల్లో తక్కువ చూపున్నవాళ్లకి ప్రత్యేక విభాగం ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. ఉన్న చూపుతో చదువు సాగించడం, కర్రతో నడవడం, ఫోను మాట్లాడించుకుని వినడం నేర్పుతారు. 19 ఏళ్ల పిల్లవాడికి ఆ శిక్షణ చాలా విలువైనది.

మేనరికం సంగతి పదేపదే తలుచుకోకండి. మీలోనూ మీ ఆయనలోనూ ఒక్కో మంచి జన్యువు, ఒక్కో చెడ్డ జన్యువు ఉండి ఉంటాయి. రెండు చెడ్డవీ వాడికి చేరాయి. చేరతాయని మీకు తెలిసే దారి లేదు. మీ ఇంట్లో మిగతా పిల్లల పెళ్లిళ్లప్పుడు మాత్రం జన్యు సలహా తీసుకోండి.

ఇంకో మాట. మీ కన్ను పనికిరాదన్నాను గానీ మీ కణాలు పనికిరావని అనలేదు. కొంచెం రక్తమో చర్మమో తీసుకుని, ఆ కణాలని వెనక్కి మళ్లించి, ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలుగా (స్టెమ్ సెల్స్) మార్చి, వాటి నుంచి రెటీనా కణాలు పెంచడం ఇప్పుడు ల్యాబుల్లో జరుగుతున్న పనే. జపాన్‌లో 2014లో మసాయో తకహాషి బృందం ఒకావిడ చర్మం నుంచి రాడ్లకి కింద పరుపులా ఉండే రంగు కణాల పొర తయారు చేసి, ఆవిడ కంట్లోనే పెట్టింది. తల్లి నుంచి కొడుక్కి ఏదైనా అందే రోజు వస్తే అది కంట్లోంచి కాదు, ఇలా చేతిలోంచి తీసిన చెంచాడు రక్తంలోంచి వస్తుంది.

* * *

ప్రశ్న: మేడమ్, మా ప్రాజెక్టులో రెటీనా కణాలు విడదీస్తున్నాం. ట్రిప్సిన్ ఎంజైమ్ వేస్తే సగం చచ్చిపోతున్నాయి, మిగతాది జిగురు కట్టి పిపెట్‌కి పట్టేస్తోంది. బాగా టెన్షన్‌గా ఉంది. మీరు ఎలా చేసేవారు? అన్నీ కలిసిపోయాక అందులోంచి రాడ్లని ఎలా ఏరతారు?
(ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: తల్లీ, ఆ జిగురుతో నేనూ మొదటి ఏడాదంతా అవస్థ పడ్డాను. ముందు నుంచీ చెబుతాను.

మాకు మేక కళ్లు కబేళా నుంచి వచ్చేవి. తెల్లవారకముందే వెళ్లేదాన్ని. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన్ని భాయ్ అని పిలిచేదాన్ని. ఎందుకు, ఏమిటి అని ఎప్పుడూ అడగలేదు గానీ, ఒక్కసారి చెబితే గుర్తుపెట్టుకున్నాడు. కోసిన వెంటనే కన్ను తీసి, తడిగుడ్డలో చుట్టి, నేనిచ్చిన నల్ల డబ్బాలో ఐసు మీద పెట్టేవాడు. ఒకరోజు నేను ఆలస్యంగా వెళ్తే, "అమ్మా, ఈ కళ్లు గంట దాటాయి, మీకు పనికిరావు" అని తనే పక్కన పడేశాడు. నీ ప్రయోగం గెలిచేదీ ఓడేదీ ఆ గంటలోనే. ఒంట్లో ఆక్సిజన్ కోసం ఇంత ఆబగా ఉండే కణాలు చాలా తక్కువ. రక్తం ఆగిన క్షణం నుంచి రాడ్లు చావడం మొదలుపెడతాయి. మీ కళ్లు ఎన్ని గంటలకి ల్యాబ్‌కి చేరుతున్నాయో ముందు చూసుకో. ట్రిప్సిన్‌ని తిట్టడం ఆ తర్వాత.

కన్ను తెరిచేది ఎర్ర బల్బు వెలుతురులో. నల్లగుడ్డుకి కాస్త వెనగ్గా బ్లేడుతో గాటు పెట్టి, చుట్టూ కత్తిరించి ముందు సగం ఎత్తేస్తే కటకం దాంతో వచ్చేస్తుంది. మిగిలిన గిన్నెలో గాజు జెల్లీ ఉంటుంది. దాన్ని లాగకూడదు, లాగితే రెటీనా చిరిగిపోతుంది. ఫిల్టర్ కాగితం ముక్క తాకించి మెల్లగా పీల్చాలి. అప్పుడు అడుగున పల్చగా, కాగిన పాల మీద మొదటి మీగడ కట్టినట్టు, రెటీనా కనిపిస్తుంది. చల్లటి ద్రవం కొంచెం పోసి గిన్నెని వంచితే వెనక గోడ నుంచి అదే లేస్తుంది. నరం దగ్గర ఒక్కచోట పట్టుకుని ఉంటుంది, అక్కడ కత్తెరతో తుంచాలి. ఫోర్సెప్స్‌తో పట్టుకోవద్దు. వెడల్పు మూతి గొట్టంలోకి ద్రవంతో సహా పీల్చి మార్చు.

ఇక విడదీయడం. కణాల మధ్య అతుకులని పట్టి ఉంచేది కాల్షియం. అందుకని కాల్షియం, మెగ్నీషియం లేని ద్రవంలో కడిగి, మిగిలిన కాల్షియంని పట్టేసే ఈడీటీఏ కొంచెం కలుపుతాం. ట్రిప్సిన్ నరాల కణాలకి కాస్త మోటు. మేము వాడింది పపైన్, అంటే బొప్పాయి పాలలో ఉండే ఎంజైమే. ముదురు మాంసం మెత్తబడాలని మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు చూడు, అదే పని ఇక్కడ కణాల మధ్య జరుగుతుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కలిపి ముందే దాన్ని మేలుకొలపాలి. 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలతో మొదలుపెట్టి, మీ రెటీనాకి ఎంత కావాలో చూసుకో. ఆపడానికి గుడ్డు తెల్లసొన నుంచి తీసే నిరోధకం దొరుకుతుంది, అది తప్పకుండా వేయి. వేయకపోతే ఎంజైమ్ తన పని తాను చేసుకుంటూనే పోతుంది.

ఒకరోజు మా ల్యాబ్‌లో కరెంటు పోయింది. జనరేటర్ కోసం కిందికి వెళ్లి, అక్కడ మాట్లాడుతూ ఉండిపోయి, 20 నిమిషాలు ఉంచాల్సినది 45 నిమిషాలకి తీశాను. ట్యూబులో కణాలు లేవు. గంజి ఉంది. పిపెట్ పైకెత్తితే తీగలా సాగింది. ఆ తీగ చచ్చిన కణాల డీఎన్ఏ. కణం పగిలితే లోపలి డీఎన్ఏ బయటికి వచ్చి, బతికున్న కణాలని కూడా వలలో పట్టినట్టు పట్టేస్తుంది. నీకు వచ్చే జిగురూ అదే. ఆ డీఎన్ఏని ముక్కలు చేసే డీఎన్ఏస్ ఎంజైమ్‌ని పపైన్ వేసేటప్పుడే కలిపి ఉంచు. దానికి మెగ్నీషియం కావాలి కాబట్టి అప్పుడు కొంచెం కలపాలి, ఈడీటీఏ ఎక్కువైతే పని చేయదు. ఈ ఒక్క విషయం నాకు ఎవరూ చెప్పక మూడు నెలలు పోయాయి.

తర్వాత పిపెట్‌తో లోపలికీ బయటికీ పది సార్లు, అంతకు మించొద్దు. గాజు మూతిని మంట మీద ఒక్క క్షణం చూపించి అంచు నున్నగా చేసుకో. బుడగలు రాకూడదు, బుడగ అంచున కణాలు చిట్లిపోతాయి. సన్న జల్లెడలో వడకట్టి, నెమ్మదిగా తిప్పి, ట్రిపాన్ బ్లూ అనే నీలం రంగు వేసి లెక్కపెట్టు. చచ్చినవి నీలం తాగుతాయి.

మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసి డీలా పడకు. పుస్తకంలో బొమ్మలా పొడుగాటి రాడ్లు కనపడవు. రాడ్ పై భాగంలో వెయ్యి దాకా బిళ్లలు నాణేల దొంతరలా ఉంటాయి. ఆ దొంతరని కింది కణంతో కలిపే మెడ మందం ఒక మైక్రోనులో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, మూడో వంతు కూడా ఉండదు. ఎంత సుతారంగా చేసినా చాలావాటికి అక్కడ విరుగుతుంది. మిగిలేది తోక ఉన్న చిన్న గుండు. అది బతికే ఉంటుంది. కంట్లో ఉన్నప్పుడు కూడా ఆ దొంతర పది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతూ ఉంటుంది, కాబట్టి కణం బాగుంటే మళ్లీ కట్టుకోగల శక్తి దానికుంది.

ఏరే సంగతి. ఎలుక రెటీనాలో పదింట ఏడెనిమిది కణాలు రాడ్లే, కాబట్టి ఏరకపోయినా ఎక్కువ అవే ఉంటాయి. శుభ్రంగా కావాలంటే చిన్న వయసు రాడ్ల పైపొర మీద ఉండే సీడీ73 అనే ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీకి అయస్కాంత పూసలు తగిలించి, అయస్కాంతం పక్కగా పోనివ్వాలి. రాడ్లు ఆగుతాయి, మిగతావి జారిపోతాయి.

ఇంకో దారి ఉంది, నాకు అదంటేనే ఇష్టం. కణాలని అసలు విడగొట్టకుండా ఆ వరసని వరసగానే తీయడం. 1989లో అమెరికాలో సిల్వర్‌మన్, హ్యూస్ అనే ఇద్దరు రెటీనాని జెలటిన్ మీద బల్లపరుపుగా పరిచి, రాడ్ల వైపు కిందికి పెట్టి, వణికే బ్లేడుతో పైన ఉన్న పొరలన్నీ చెక్కేశారు. కొబ్బరి ముక్క నుంచి గోధుమరంగు పొట్టు మాత్రం మిగిలేలా తెల్లదంతా గీకేస్తే ఎలా ఉంటుందో అలా. మిగిలిన ఆ పల్చటి పొట్టులో రాడ్లు తలకిందులు కాకుండా అన్నీ ఒకే వైపు చూస్తూ ఉంటాయి. విడి కణాలని చుక్కగా వదిలితే ఏది ఎటు తిరిగి పడుతుందో మన చేతిలో ఉండదు.

* * *

ప్రశ్న: 2006లో గుడ్డి ఎలుకలకి చూపు వచ్చిందని పేపర్లో చదివి ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను. మా తమ్ముడికి ఇదే జబ్బు. ఇన్నేళ్లయినా మనుషుల దాకా రాలేదు. శాస్త్రవేత్తలు అబద్ధం చెప్పారా?
(రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం)

జవాబు: అయ్యా, అబద్ధం కాదు. కళ్లు మోసం చేశాయి. అది బయటపెట్టినవాళ్లలో మొదట ఆ మాట చెప్పినవాళ్లే ఉన్నారు, అందుకే నాకు వాళ్లంటే గౌరవం.

మీరు దాచిన ముక్క లండన్‌లో రాబర్ట్ మెక్‌లారెన్, రాబిన్ అలీ చేసిన పని గురించి అయ్యుంటుంది. అంతకుముందు అందరూ మరీ లేత కణాలో, మరీ ముదురు కణాలో పెట్టి చూశారు. వీళ్లు పుట్టి ఒకటి నుంచి ఏడు రోజులైన ఎలుక పిల్లల రాడ్లు తీశారు. రాడ్ కావాలని నిర్ణయమైపోయి ఇంకా పూర్తిగా కాని వయసు అది. మీది ఖమ్మం కదా, నారు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొలక పీకి నాటినా బతకదు, ముదిరిన నారు నాటినా పిలకలేయదు. ఆ లెక్క ఇక్కడా సరిగ్గా సరిపోయింది. ఇచ్చిన ఎలుక రాడ్లు పచ్చగా మెరిసేలా జన్యువు పెట్టారు. ఆ ఎలుకలని తయారుచేసింది అమెరికాలో ఆనంద్ స్వరూప్ గారి ల్యాబ్. మార్పిడి తర్వాత పుచ్చుకున్న ఎలుక కంట్లో పచ్చగా మెరిసే రాడ్లు తమ వరసలో చక్కగా నిలబడి కనిపించాయి. పాతుకున్నాయని ప్రపంచమంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఆ ఫోటో ప్రింటు తీసి మా ల్యాబ్ తలుపు మీద అంటించాను.

పదేళ్ల తర్వాత, 2016లో, లండన్‌లోనూ జర్మనీలో డ్రెస్డెన్‌లోనూ ఒక పరీక్ష చేశారు. మగ ఎలుక కణాలని ఆడ ఎలుకలో పెట్టి, మెరుస్తున్న రాడ్లలో మగవాటికే ఉండే వై క్రోమోజోమ్ ఉందా అని వెతికారు. చాలావాటిలో లేదు. అంటే మెరుస్తున్నవి కొత్త కణాలు కావు, ఆ ఎలుక సొంత రాడ్లే. కొత్త కణాలు రెటీనా వెనక ముద్దగా కూర్చుని, తమలోని పచ్చ ప్రోటీన్‌ని పక్కవాటికి పంచాయి. రంగు దిగే చీరని నానబెడితే పక్కనున్న తెల్ల చీరకి అంటుకుంటుందే, అలా.

ఆ రోజు తలుపు మీద ఫోటో తీసేశాను. బాధ ఉంది. కానీ ఆ పని వృథా కాలేదు. రాడ్ల మధ్య ప్రోటీన్లు ఇలా చేతులు మారతాయని దానివల్లే తెలిసింది. పాత రాడ్లు ఇంకా మిగిలి ఉన్నప్పుడు అది కూడా ఉపయోగపడే సంగతే. ఇక అసలు ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. కొత్త కణం వెళ్లి, తర్వాతి వరస కణంతో నిజంగా చెయ్యి కలుపుతుందా?

దానికి రెండు జవాబులు ఈమధ్య వచ్చాయి. జపాన్‌లో కోబె నగరంలో 2020లో మూలకణాల నుంచి పెంచిన రెటీనా పొరని ఈ జబ్బున్న పేషంటుకి మొదటిసారి పెట్టారు. ఇద్దరిని రెండేళ్లు చూసి 2023లో ఫలితం చెప్పారు. పొరలు నిలిచాయి, పెద్ద హాని జరగలేదు. అదే ఏడాది అమెరికాలో విస్కాన్సిన్‌లో డేవిడ్ గామ్ బృందం, మూలకణాల నుంచి పెంచిన రెటీనా ముద్దలని పపైన్‌తోనే విడి కణాలుగా చేసి, 20 రోజులు పక్కపక్కన ఉంచింది. తర్వాత ఒక కణం నుంచి దానితో అతుక్కున్న కణానికి మాత్రమే పాకే రేబిస్ వైరస్‌ని వదిలింది. వైరస్ పాకింది. అంటే తెంపిన చేతులు మళ్లీ కలిశాయి. అది గాజు పళ్లెంలో జరిగింది, జబ్బు కంట్లో ఇంకా జరగాలి. మీ తమ్ముడి గారికి ఇవన్నీ చదివి వినిపించండి.

* * *

ప్రశ్న: మా నాన్నగారు పోయినప్పుడు కళ్లు దానం చేశాం. కార్నియా మాత్రమే వాడతామన్నారు. మిగతా కన్ను ఏమవుతుంది? రెటీనా ఎవరికీ పనికిరాదా?
(రాజమహేంద్రవరం)

జవాబు: అంత దుఃఖంలోనూ ఫోను చేసి కబురు పెట్టారు, మీకు నమస్కారం. చాలాచోట్ల ఇప్పుడు ముందున్న కార్నియా ఒక్కటే గుండ్రంగా తీసి, కన్ను అలాగే ఉంచేస్తారు. కన్ను మొత్తం తీసినచోట, కుటుంబం ఒప్పుకుంటే, మిగతా భాగం పరిశోధనకో డాక్టర్ల శిక్షణకో వెళ్తుంది. ఇంకొకరికి పెట్టడానికి రెటీనా ఇప్పటికి పనికిరాదు. తెలుసుకోవడానికి మాత్రం దానికి మించినది లేదు. ఎలుకకి మనలా కంటి మధ్యలో సన్న అక్షరాలు చదివే మాక్యులా లేదు. మనిషి మాక్యులా గురించి తెలిసినదాంట్లో చాలావరకు ఎవరో ఒకరు పోయాక ఇచ్చినదే.

సమయం ఒక్కటే చిక్కు. కార్నియాకి ఆరు గంటలు ఆగొచ్చు. రెటీనా అంత ఆగదు. 2022లో అమెరికాలో కాలిఫోర్నియా, యూటా శాస్త్రవేత్తలు, చనిపోయి అయిదు గంటలలోపు తీసిన కళ్ల మాక్యులాలో రాడ్లూ కోన్లూ వెలుతురుకి మళ్లీ స్పందించేలా చేయగలిగారు. కానీ అవి తర్వాతి వరసకి కబురు అందించాలంటే కన్ను 20 నిమిషాలలోపే తీయాల్సి వచ్చింది, ఆక్సిజన్ అందుతూ ఉండాల్సి వచ్చింది. మా భాయ్ చెప్పిన గంట లెక్క నాకు అప్పుడు గుర్తొచ్చింది.

చదివేవాళ్లందరికీ చెబుతున్నాను. ఇంట్లో ఎవరైనా పోతే రెప్పలు మూయండి, ఫ్యాను ఆపండి, తల కింద దిండు పెట్టండి, రెప్పల మీద తడి దూది ఉంచండి. ఐ బ్యాంకుకి ఫోను వెంటనే చేయండి, బంధువులంతా వచ్చాక చూద్దాం అనుకోవద్దు. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవాళ్లు కూడా కళ్లు ఇవ్వొచ్చు. వాళ్ల కార్నియా ఇంకొకరికి పనికొస్తుంది, వాళ్ల రెటీనా మాలాంటివాళ్లకి బంగారం.

* * *

ప్రశ్న: ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్ ఇస్తే రెటినైటిస్ తగ్గుతుందని, ఒక కంటికి మూడు లక్షలు అని అన్నారు. పొలం అమ్మైనా చేయిద్దామనుకుంటున్నాం. రెండు కళ్లకీ ఒకేసారి చేస్తే తగ్గింపు కూడా ఇస్తారట.
(గద్వాల)

జవాబు: అమ్మకండి. పొలం అమ్మకండి, ఆ గుమ్మం మళ్లీ ఎక్కకండి.

అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లకి ఇలాగే డబ్బు తీసుకుని, వాళ్ల పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలని రెండు కళ్లలోనూ ఒకేరోజు ఎక్కించారు. వారం తిరిగేసరికి ఉన్న చూపూ పోయింది. 2017లో డాక్టర్లు ఆ సంగతి పెద్ద వైద్య పత్రికలో రాశారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కూడా ఇలాంటిచోటే డబ్బు పోశాడు. అదృష్టం, కన్ను పోలేదు. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము పోయింది.

కొవ్వులోంచో ఎముక మూలుగలోంచో తీసిన కణాన్ని కంట్లో వేసినంత మాత్రాన అది రాడ్ అయిపోదు. రాడ్ని తయారు చేయడానికి ల్యాబ్‌లో నెలలు పడుతుంది. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ జబ్బులకి చేసే మూలుగ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ఇంకా పరిశోధనే అని చెప్పాయి. పరిశోధన అయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అనుమతి ఉన్న పరీక్షకి సీటీఆర్‌ఐ (మన దేశంలో మనుషుల మీద చేసే వైద్య పరీక్షల రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది, అది చూపించమనండి. నంబరు ఉన్నా సరే, డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. తెలిసిన డాక్టర్లెవరూ కొత్త పని రెండు కళ్లకీ ఒకే రోజు చేయరు.

* * *

ప్రశ్న: పదో తరగతి పిల్లలకి మేక కన్ను కోసి చూపిస్తుంటాను. రెటీనా ఎప్పుడూ తెల్లగానే వస్తుంది. దండ కణాల్లో రంగు పదార్థం ఉంటుందని చెబితే "ఏదీ సార్ రంగు?" అంటారు. ఇంకొకడు "12 కోట్ల దండాలని ఎవరు లెక్కపెట్టారు సార్?" అన్నాడు. ఏం చెప్పాలి?
(జీవశాస్త్రం ఉపాధ్యాయుడు, జిల్లా పరిషత్ హైస్కూలు, సిరిసిల్ల)

జవాబు: మాస్టారూ, ఆ రెండో పిల్లవాడికి నా ఆశీస్సులు చెప్పండి. 1990లో అమెరికాలో క్రిస్టీన్ కర్సియో బృందం లెక్కపెట్టింది. దానం చేసిన కళ్ల రెటీనాలని పరిచి, చిన్న చిన్న గళ్లలో ఎన్ని ఉన్నాయో చూసి గుణించింది. సగటున 9 కోట్ల 20 లక్షల దండాలు, 46 లక్షల శంకువులు తేలాయి. పాత పుస్తకాల్లో 12 కోట్లని ఉంటుంది. ఈ లెక్క కూడా బోర్డు మీద రాయండి.

రంగు ఉంది, మీరు చూసేసరికి పోతోంది. 1876లో ఫ్రాంజ్ బోల్ అనే ఆయన చీకట్లో ఉంచిన కప్ప రెటీనా ఎర్రగా ఉండటం, వెలుతురు తగిలితే పాలిపోవడం చూశాడు. ఆ ఎరుపే రొడాప్సిన్. మీ కన్ను ఎండలో, దుకాణం లైటు కింద ఉండి వస్తుంది కాబట్టి అప్పటికే వెలిసిపోయి ఉంటుంది. తెల్లవారకముందు కోసే దుకాణంలో ముందు రోజే చెప్పి పెట్టండి. తీసిన వెంటనే రేకు డబ్బాలో వేసి, నల్లగుడ్డ చుట్టి, ఐసు మీద ఉంచమనండి. కిటికీలు దుప్పట్లతో మూసి, టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం నాలుగు మడతలు చుట్టి, ఆ వెలుతురులో కోయండి. ఆ ఎర్ర వెలుతురులో రంగు తెలీదు, అన్నీ ఒకేలా ఉంటాయి. రెటీనాని తెల్ల సాసర్‌లో ఉప్పునీళ్లలో తేలేశాక, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, అప్పుడు మామూలు లైటు వేయండి. లేత గులాబీ రంగు కనిపిస్తుంది, చూస్తుండగానే పసుపు తిరిగి తెల్లబడుతుంది. నిమిషం రెండు నిమిషాలే. పొట్టి పిల్లలని ముందు వరసలో నిలబెట్టండి.